చిన్నబాపు దాచుకున్న చిన్న రాజులు

మా చిన్నబాపు పోయాడన్న కబురు నాకు బడిలో అందింది. ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఫోన్ చేసింది చిన్నమ్మ. గొంతులో ఏడుపు లేదు. "మీ చిన్నబాపు పోయిండే బిడ్డా. దవాఖాన నుంచి ఇంటికి తెస్తాన్రు. జర జల్ది రా" అంది, పెట్టేసింది. పిల్లలకు ఏం చెప్పి బయటికొచ్చానో గుర్తు లేదు. ఆటోలో కూర్చున్నాక కూడా కళ్లలో నీళ్లు రాలేదు. రావలసిన ఏడుపు మాకెప్పుడో వచ్చిపోయింది. ఆయన మా మధ్య తిరుగుతూ ఉండగానే మేం ఆయన్ని పోగొట్టుకున్నాం.

దినపత్రికలో ఫోటో కింద వేయడానికి నాలుగు మాటలు రాసిమ్మన్నాడు మా అన్న. నాలుగు మాటల్లో చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చిన్నబాపు అంటే మా బాపుకు తమ్ముడు. వరంగల్ బజారులో వెండి దుకాణం ఆయనది. ఆ వీధిలో మీరెప్పుడైనా పట్టగొలుసులో మెట్టెలో కొని ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదికి ఎత్తిపెట్టుకుని కూర్చునే మనిషి. పాత వెండి కొని కరిగించడం ఆ దుకాణంలో సగం పని. మా తాత కాలం నుంచీ అంతే. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి అవసరం పడినా కడియాలు, గిన్నెలు, మొలతాళ్లు పట్టుకుని వచ్చేవాళ్లు. అవన్నీ మట్టి మూసలో పడి, కొలిమి మీద కరిగి, ముద్దలై బయటికి వచ్చేవి.

చిన్నబాపుకు ఒక అలవాటు ఉండేది. తూకం అయి, ధర కూడా ఒప్పుకున్నాక, ఆ వస్తువును తెచ్చినవాళ్ల చేతికే మళ్లీ ఇచ్చేవాడు. "ఒక్కపారి మంచిగ సూస్కో అవ్వా. కరిగినంక నువ్వడిగినా నేను సూపియ్యలేను" అనేవాడు. కొందరు విసుక్కునేవాళ్లు. కొందరు కాసేపు చూసుకుని, కళ్లొత్తుకుని ఇచ్చేవాళ్లు. ఏ ఒక్కరో ఇద్దరో కొంగున ముడేసుకుని వెనక్కి వెళ్లిపోయేవాళ్లు. "వచ్చిన బేరాన్ని చేతులార తోలగొడ్తవేందిరా" అని తాత తిట్టేవాడట. ఆయన మాత్రం మానలేదు.

ఆ దుకాణంలోనే, తాత బతికి ఉన్న రోజుల్లో, తండా నుంచి ఒక ముసలమ్మ మెడలోని బిళ్లల దండ అమ్మడానికి తెచ్చింది. అన్నీ పాత రూపాయలు. వాటి మధ్య ఒకటి మాత్రం వేరేగా ఉంది. దాని మీద బొడ్డుదాకా గడ్డం దిగిందేమో అనిపించే ఒక ముసలాయన ముఖం, రెండో వైపు రెక్కలు చాపిన గద్ద. అది ఆ తండాకు ఎట్లా చేరిందో ఆమెకే తెలియదు. అత్తగారి మెడలో ఉండేదని మాత్రం చెప్పింది. చిన్నబాపు దాని బరువుకు సరిపడా వేరే వెండి మూసలో వేసి, ఆ బిళ్లను తీసి జేబులో పెట్టుకున్నాడు.

అది ఏ దేశానిదో తెలుసుకోవడానికే ఆయనకు చాలా కాలం పట్టింది. హైదరాబాద్ పోయినప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికి, బొమ్మలున్న నాణేల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాడు. గడ్డం ముసలాయన జర్మనీలో సాక్సె-మైనింగెన్ అనే చిన్న సంస్థానానికి ప్రభువని అందులో ఉంది. మన దగ్గర గద్వాల, వనపర్తి సంస్థానాలు ఉండేవి కదా, అట్లాంటివే అక్కడ బోలెడు. పైన చక్రవర్తి ఉన్నా, వెండి నాణెం మీద ఎవరి ముఖం వాళ్లు వేసుకునే హక్కు వాళ్లకు మిగిలింది. ఒక వైపు అందరికీ ఒకటే గద్ద, రెండో వైపు ఎవరి రాజు వాళ్లకు.

ఆయనకు పట్టుకున్నది అదే. పెద్ద రాజ్యాల నాణేలు ఎవరైనా చూపిస్తే చేతిలోకి కూడా తీసుకునేవాడు కాదు. "పెద్దోళ్లవి అందరి దగ్గరుంటయి బిడ్డా. ఈ చిన్నోళ్లను ఎవలు అడుగుతరు?" అనేవాడు. వాల్డెక్, లిప్పె, అన్హాల్ట్, రాయిస్. మా వీధిలో ఎవరి నోటా పలకని పేర్లు. ఆయన నోట మాత్రం చుట్టాల ఊళ్ల పేర్లలాగా వచ్చేవి. రాయిస్ రాజుల ఇంట్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడికీ ఒకటే పేరట, పక్కన నంబరు మారుతుందట. ఆ సంగతి చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయేవాడు. "అమ్మ పిలిస్తే ఏ నంబరోడు ఉరుకుతడే?" అని చిన్నమ్మను అడిగేవాడు. "మీ రాజులు, మీరు" అని ఆమె లోపలికి పోయేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ నవ్వులోనూ ఆ విసుగులోనూ ఏముందో నాకు పెద్దయ్యాక తెలిసింది.

బజారులో ఎవరికీ ఈ పిచ్చి అర్థం కాలేదు. "జర్మనీ వెండి నాణేలు" అని ఆయన అనగానే ఎదుటివాళ్లు, "జర్మన్ సిల్వరా? అండ్ల ఎండే ఉండదు కద శేటూ" అనేవాళ్లు. పూజ సామాన్లు చేసే, వెండి అసలే కలవని ఆ కల్తీ లోహం పేరు అందరికీ తెలుసు మరి. "అరే, గది గాదు. అస్సలు ఎండి. జర్మనీ దేశంది" అని ఆయన మొదటి నుంచీ మొదలుపెట్టేవాడు. వినేవాళ్లు మధ్యలోనే లేచి పోయేవాళ్లు.

లేవకుండా కూర్చున్నది ఒక్కరే. ఎదురు దుకాణం శేటు. చిన్నబాపుతో కలిసి చదువుకున్నవాడు, ఆయనదీ వెండి పనే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వన్ బై టూ చాయ్ తెప్పించుకుని ఇద్దరూ మా దుకాణం మెట్ల మీద కూర్చునేవాళ్లు. కొత్త నాణెం ఏది వచ్చినా చిన్నబాపు ముందు చూపించేది ఆయనకే. గడ్డం ముసలాయన నాణెంలోనే రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో గడ్డం కొస అంచున ఉండే చుక్కల వరుసను తాకుతుంది, రెండోదాంట్లో తాకదు. ఆ రెండోది దొరికిన రోజు చిన్నబాపు హైదరాబాద్ నుంచి రైలు దిగి ఇంటికి రాకుండా నేరుగా ఎదురు దుకాణానికి పోయాడు. రెండూ పక్కపక్కన పెట్టి, "సూడురా, ఇగో, ఈడ సూడు" అని వేలు పెట్టి చూపించాడు. నేనప్పుడు కాలేజీ నుంచి వస్తూ అక్కడే ఆగాను. ఆ శేటు చాయ్ తాగుతూ, "ఊ, ఊ, మంచిగున్నది" అన్నాడు. చిన్నబాపు ముఖం వెలిగిపోయింది.

వాటన్నిటికీ వడ్రంగి చేత చెక్క పెట్టె ఒకటి చేయించాడు. లోపల నీలం గుడ్డ. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక పెట్టె తెరిచి కూర్చునేవాడు. పెద్ద నాణేల అంచు మీద చుట్టూ అక్షరాలుంటాయి. దేవుడు మాతో ఉన్నాడు అని వాటి అర్థం. అంచును వేలితో తిప్పుతూ చదివేవాడు. ఒక రాజు చనిపోయిన ఏడాది అతని జ్ఞాపకంగా ముద్రించిన నాణెం ఉండేది, దాన్ని నా చేతిలో పెట్టి, "మనం పోతే పేపర్ల ఫోటో ఏస్తరు, తెల్లారి గది పల్లీలు కట్టనీకి పోతది. ఈయనను సూడు, ఇంక ఉన్నడు" అన్నాడొకసారి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయినప్పుడు, ఒక్క నవంబరు నెలలోనే, ఆ రాజులంతా గద్దెలు దిగిపోయారని కూడా ఆయనే చెప్పాడు. "రాజ్యాలు పోయినయ్. గీ ముఖాలు మిగిలినయ్. గంతే."

రెండేళ్ల కింద మేడారం జాతరకు పోయారు చిన్నబాపు, చిన్నమ్మ. జాతర రోజుల్లో మా వీధి సగం ఖాళీ. తిరిగొచ్చేసరికి వెనక తలుపు గొళ్లెం ఊడి ఉంది. బీరువా తెరిచి ఉంది. బంగారం చిన్నమ్మ ఒంటి మీదే ఉండటంతో దొంగకు దొరికింది చెక్క పెట్టె ఒక్కటే. నేను వెళ్లేసరికి చిన్నమ్మ గడపలో కూర్చుని, "తల్లికి బంగారం పెట్టి వచ్చెవరకు ఇంట్ల ఎండి పాయె బిడ్డా" అని తల కొట్టుకుంటోంది. జాతరలో అమ్మవార్లకు పెట్టే బెల్లాన్ని బంగారమనే అంటాం కదా. చిన్నబాపు లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో నీలం గుడ్డ ముక్క. పెట్టె మోయలేక ఆ దొంగ, నాణేలను సంచిలో పోసుకుని, పెట్టెను పెరట్లో పగలగొట్టి పోయాడు.

పోలీస్ స్టేషన్‌కు ఆయనతో నేనే వెళ్లాను. ఫిర్యాదు రాసుకుంటున్న కానిస్టేబుల్ పెన్ను ఆపి, "జర్మన్ సిల్వర్ బిళ్లలా? గదానికి కంప్లైంట్ ఎందుకు శేటూ?" అన్నాడు. చిన్నబాపు నోరు తెరిచాడు. మొదటి నుంచీ చెప్పబోతున్నాడని నాకు అర్థమైంది. కానీ చెప్పలేదు. "రాస్కోర్రి సార్. మీకెట్ల తోస్తే గట్ల రాస్కోర్రి" అన్నాడు. ఆయన ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను.

తర్వాత కొద్ది రోజులకు దొంగ దొరికాడు. ఎక్కడ అమ్మావంటే మా వీధి పేరే చెప్పాడు. ఎదురు దుకాణం.

మమ్మల్ని మళ్లీ పిలిపించారు. వరండాలో బెంచీ మీద ఎదురు దుకాణం శేటు కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. లోపల ఎస్సై బల్ల మీద పాత పేపర్ మడత విప్పాడు. అందులో వెండి ముద్ద, చిన్న ఇటుకంత ఉంది.

"సూడుర్రి, మీదేనా?"

చిన్నబాపు చేయి చాపలేదు. నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దించుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"నావి నాణేలు సార్" అన్నాడు.

"అవే ఇవి. కరగబెట్టిన్రు. దొంగ ఒప్పుకున్నడు. ఇది మీదే అని సంతకం పెడ్తే కోర్టుల నుంచి మీకే వస్తది. కొన్న శేటు మీద గూడ కేసైతది."

"ఏ నాణెం మీద ఏ రాజు ముఖముండెనో నేను చెప్త సార్. గిండ్ల ఒక్క ముఖం సూపియ్యిర్రి. సంతకం పెడ్త."

ఎస్సై మంచివాడే. నా వైపు తిరిగి, "మేడం, మీరు జర చెప్పుర్రి. ఎండన్న వాపస్ వస్తది కద" అన్నాడు.

"చిన్నబాపూ" అని భుజం మీద చేయి వేశాను.

"నాది కాదు బిడ్డా. నాయి లెవ్వు. లేనిదాన్ని పట్టుకొని నాదని ఎట్ల జెప్పాలె?"

తలుపు తెరిచే ఉంది. వరండాలోని మనిషికి ప్రతి మాటా వినిపించే ఉంటుంది. దోస్తును కాపాడటానికి అన్నాడా, ఆ ముద్దను నాదని చెప్పడానికి నోరు రాక అన్నాడా, నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేకపోయాను. బయటికి వస్తూ ఆయన బెంచీ ముందు ఆగాడు. ఆ శేటు లేచి నిలబడ్డాడు. "ఇంటికి పో. చెల్లె ఫికర్ చేస్తాంటది" అన్నాడు చిన్నబాపు, దోస్తు భార్యను అట్లాగే పిలిచేవాడు. అంతే, మెట్లు దిగాడు.

ఆ కేసు నిలవలేదు. ఆ ముద్ద ఏమైందో మేం కనుక్కోలేదు.

అదే వారం ఆ శేటు ఇంటికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. కుర్చీ చివర కూర్చున్నాడు.

"సంచిల తెచ్చిండురా. పాత బిళ్లలన్నడు. గిరాకీల తొందరల తూకం ఏసిన, మూసల ఏసిన" అన్నాడు. "గా గడ్డపాయన గూడ నా చేతులకెల్లే పోయిండు గావచ్చు. నేను సూడనేలేదురా."

చిన్నబాపు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఇన్నేండ్ల సంది నువ్వు చెప్పుకుంట వచ్చినవ్, నేను ఊ కొట్టుకుంట వచ్చిన. ఒక్కనాడన్న సక్కగ సూసి ఉంటే గుర్తువడ్తుండె."

"చాయ్ తాగుతవా?" అని అడిగాడు చిన్నబాపు.

చిన్నమ్మ రెండు గ్లాసులు తెచ్చి మధ్యలో పెట్టింది. ఇద్దరూ ముట్టుకోలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. ఆ శేటు లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఈయన పిలవలేదు. ఎదురెదురు దుకాణాలు, మధ్యలో ఇరవై అడుగుల రోడ్డు. ఆ మెట్ల మీద మళ్లీ ఎవరూ కూర్చోలేదు.

దొంగ మీద ఆయనకు కోపం లేదు. దోస్తు మీదా లేదనే అనుకుంటాను. ఆయనను కోసింది వేరే. తన జీవితమంతా ఒక మనిషి ముందు కూర్చుని చెప్పుకున్నది ఆ మనిషికి చేరనే లేదని తెలియడం. ఒక మధ్యాహ్నం దానంతటదే నోట వచ్చింది. "నేను గోడకు చెప్పుకున్నట్టయిందే బిడ్డా. గోడన్న నయం, ఊ కొట్టది." నాకు చెప్పావు కదా, నేను విన్నాను కదా అన్నాను. నా తల నిమిరాడు గానీ, ఆ మాట ఆయన్ని తాకలేదు.

దుకాణం మాత్రం తెరిచేవాడు. ఒకరోజు వెళ్లేసరికి స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి వచ్చిన ఒకామె చిన్నపిల్లల చేతి మురుగులు తూకం వేయిస్తోంది. బిడ్డ పోయిందని చెప్పింది. చిన్నబాపు తూకం చూసి, డబ్బు ఇచ్చి, మురుగులను తీసి నేరుగా మూసలో వేశాడు. ఒక్కపారి సూస్కో అనలేదు. ఆమె ఇంకా చేయి చాపే ఉంది. బహుశా ఒకసారి ముట్టుకుందామని. నేను ఆయన ముఖం వైపు చూశాను. అక్కడ ఏమీ లేదు. నాకు భయం వేసింది.

ఆ భయంతోనే నాణేలు అమ్మే వాళ్లను ఫోన్‌లో వెతికి వెతికి, ముంబై నుంచి గడ్డం ముసలాయన నాణెం ఒకటి తెప్పించాను. ఆయన అరచేతిలో పెట్టాను. చూశాడు. అంచు తిప్పాడు. ఒక్క క్షణం పాత మనిషి వచ్చినట్టే అనిపించింది. వెంటనే నా చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"మంచిదే తెచ్చినవ్. వాపస్ ఇచ్చెయ్."

"ఎందుకు చిన్నబాపూ? మళ్ల మొదలువెడ్దాం. నేను తెచ్చిస్త."

"వద్దే. మళ్ల ఈ ముఖాలను సూసుకుంట కూసునుడు నాతోని కాదు. నేను పోతే ఎవల మూసల పడ్తయో, గది యాది చేసుకుంట ఎట్ల బతుకాలె?"

తర్వాత షుగర్ ముదిరింది. కిడ్నీలు పోయాయి. వారం వారం దవాఖానకు తీసుకుపోయి రక్తం శుభ్రం చేయించాలన్నారు. కొన్నాళ్లు వచ్చాడు. తర్వాత చిన్నమ్మ బతిమాలితేనే లేచేవాడు. చివరికి బతిమాలినా లేవలేదు. "ఎందుకే?" అనేవాడు, అంతే. ఏదో ఒకటి చెప్పాలి కదా అని నేను పిల్లల గురించి, బడి గురించి చెబుతూ కూర్చునేదాన్ని. వింటున్నట్టు తల ఊపేవాడు. ఆఖరుసారి దవాఖానలో చేర్చినప్పుడు నర్సు వచ్చి, "పెద్దాయనా, ఏం పని చేసేటోళ్లు?" అని పలకరించింది. "కరగబెట్టుడు" అన్నాడు. నేను ఆయన నోట విన్న ఆఖరి మాట అదే.

ఇంత రాశాక ఏదైనా ధైర్యం చెప్పే మాట దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. నాకు ఆ సంస్థానాల పేర్లు వరుసగా వచ్చు. ఏ రాజుకు గడ్డం ఉందో, ఏ రాజుకు మీసాలే ఉన్నాయో చెప్పగలను. మా బడిలో ఎవరికైనా చెప్పబోతే, "జర్మన్ సిల్వరా మేడం?" అంటారు.

అంతిమయాత్ర బజారు మీదుగానే సాగింది. పాడె ముందు డప్పులు, వెనక మేం. దుకాణాల వాళ్లు ఒక్కొక్కరే షట్టర్లు సగానికి దించి, బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎదురు దుకాణం షట్టర్ కూడా సగానికి దిగి ఉంది. బయట ఎవరూ లేరు. కానీ షట్టర్ కింద రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. తెల్ల పంచె అంచు, తోలు చెప్పులు. అక్కడికి రాగానే పాడె మోసేవాళ్లు భుజం మార్చుకోవడానికి ఆగారు. మా అన్న పళ్లెంలోంచి పేలాలు, చిల్లర కలిపి గుప్పిట పట్టి విసిరాడు. ఒకప్పుడు ఆ చిల్లర కోసం పిల్లలు తోసుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరూ వంగలేదు. బంతిపూల రేకల మధ్య రూపాయి బిళ్లలు అట్లాగే పడి ఉన్నాయి. ఒకటి మాత్రం దొర్లుకుంటూ పోయి, షట్టర్ కింద నుంచి లోపలికి వెళ్లి, ఆ చెప్పులకు తగిలి, అక్కడే కాసేపు తిరిగి, పడిపోయింది. ఆ కాళ్లు కదలలేదు.